ఆరున్నర అడుగుల దూరం: పుట్టపాక మగ్గాల గదుల్లో పోర్ట్రెయిట్ లెన్స్ ఎంపిక

పుట్టపాకలో ఒక నేత కుటుంబం తమ వీధిలోని పెద్దవాళ్లకు ఫొటోలు తీయించాలనుకుంది. ఇప్పటికీ గుంట మగ్గంలో కూర్చుని నేసేవాళ్లు, చూపు ఆనక మగ్గం దిగి కండెలు చుడుతున్నవాళ్లు, రంగు అంటకూడని చోట నూలుకు ముడి వేసే, అంటే చిటికి కట్టే ఆడవాళ్లు, అందరికీ. ఒక్కొక్కరికి ఇంటి గోడకు పెట్టుకోను 12 బై 18 అంగుళాల ప్రింటు ఇవ్వాలి. అవే ఫొటోలను ఆ ఇంటి అబ్బాయి తాను చీరలు అమ్మే ఆన్‌లైన్ పేజీలో వాడుకుంటాడు. ఊరు సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. 2016లో జిల్లాలు మారేదాకా మా నల్లగొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఇక్కడ నేసే తేలియా రుమాల్ అనే చిటికి గుడ్డకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరి పేరు బయటివాళ్లకూ తెలిసింది కానీ, నేసినవాళ్ల ముఖాలు ఎవరికీ తెలియవు. అందుకే ఈ పని నాకు చాలా ముఖ్యం అనిపించింది.

మాట్లాడుకోవడానికి నల్లగొండలో మా స్టూడియోకి వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూపించాడు. "అన్నా, గిట్ల రావాలె." అది 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫొటో, 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం. నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, 105 ఎంఎం ఎఫ్/2.5 లెన్స్. అతను అదంతా చదివే వచ్చాడు. "105 తీసుకుంటె గట్లనే వస్తది గదా అన్నా?" అని అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. నాకూ అప్పుడు ఒక లెన్స్ కొనక తప్పని పరిస్థితి. నా చేతిలో పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ ఉన్న నికాన్ డీ750, మా అసిస్టెంట్ తమ్ముడి చేతిలో చిన్న (క్రాప్) సెన్సర్ ఉన్న నికాన్ డీ5600. నా పాత 85 ఎంఎం ఎఫ్/1.8డీకి లోపల ఫోకస్ తిప్పే మోటారు లేదు, డీ5600 బాడీలోనూ మోటారు లేదు. ఆ రెండూ కలిస్తే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవడమే. రెండు కెమెరాల మీదా ఆటోఫోకస్ పనిచేసే పొట్టి టెలిఫొటో, అంటే దూరాన్ని కొంచెం దగ్గరికి తెచ్చే లెన్స్ ఒకటి కావాలి. ఏది? 85, 105, 135, లేదా 70-200 జూమ్.

ఇక్కడ నా అభిప్రాయం మొదటే చెప్తాను, కింద రాసేదంతా దాని మీదే నడుస్తుంది. పోర్ట్రెయిట్‌లో ఫోకల్ లెంత్, అంటే లెన్స్ మీద ఉండే ఆ 85, 105 ఎంఎం అంకె ఎంచుకోవడమంటే మనం ఎక్కడ కూర్చోవాలో ఎంచుకోవడమే. ముఖం ఎలా కనపడాలో తేల్చేది దూరం. ఆ దూరంలో ఫ్రేమ్ ఎంత పట్టాలో తేల్చేది లెన్స్. కాబట్టి ముందు దూరం తెలియాలి. మెక్‌కరీ ఎంత దూరంలో నిలబడ్డాడన్నది మనకు పనికిరాదు, పుట్టపాకలో మనకు ఎంత దూరం దొరుకుతుందన్నదే పనికొస్తుంది. అందుకే లెన్సులు అద్దెకు తెప్పించే ముందు టేపు పట్టుకుని వెళ్లాను.

గదిని కొలవడం

మేం అనుకున్న మగ్గాల గదుల్లో పెద్దది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. వినడానికి బాగానే ఉంటుంది కానీ గుంట మగ్గం ఆ గదిలో చాలా భాగం తినేస్తుంది. నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టి నేల మట్టానికి కూర్చుంటాడు. ఆయన ముందు పడుగు, అంటే నిలువు పోగులు, అడుగుల కొద్దీ సాగి ఉంటుంది. ఎదురుగా నిలబడదామంటే పడుగు మీద నిలబడాలి, అది జరగని పని. మిగిలేది పక్క దారి. మగ్గానికీ గోడకూ మధ్య మూడున్నర అడుగుల సందు ఉంటుంది, అందులోంచి ఏటవాలుగా చూస్తే మనిషి ముఖం ముప్పావు వంతు కనపడుతుంది. ఆ ఏటవాలు గీత మీద, నా వీపు గోడకు ఆనించి కొలిస్తే ఏడు నుంచి ఎనిమిది అడుగులు. చిన్న గదుల్లో ఆరున్నర.

ఇంకో కొలత కూడా తీసుకున్నాను, దాన్ని చాలామంది వదిలేస్తారు. గుంటలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు నేల నుంచి రెండున్నర అడుగులు. మనం నిలబడి తీస్తే నెత్తి పెద్దగా, గడ్డం చిన్నగా, మనిషిని పైనుంచి చూస్తున్నట్టు వస్తుంది. అది నాకు అస్సలు నచ్చదు. కాబట్టి పీట మీదో, నేల మీదో కూర్చునే తీయాలి. అలా కూర్చుని గంటల తరబడి కెమెరా పట్టుకోవాలంటే లెన్స్ బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు ఫ్రేమ్. నడుము పైనుంచి నెత్తి పైన కాస్త ఖాళీ దాకా, చేతులూ కొంత మగ్గమూ పడేలా నిలువు ఫ్రేమ్‌లో 80 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడుగు వైపు 36 మిల్లీమీటర్లు. దాన్నిబట్టి లెక్క వేస్తే 50 ఎంఎంతో నాలుగడుగుల లోపే కూర్చోవాలి, 85తో ఆరున్నర అడుగులు, 105తో ఎనిమిది, 135తో పదికి కాస్త పైన, 200తో పదిహేను అడుగులు. టేపు పక్కన ఈ అంకెలు పెట్టి చూస్తే సగం నిర్ణయం అయిపోయింది. 135 గోడ అవతల నుంచి తీయాలి. 105 పెద్ద గదుల్లో గోడకు వీపు ఆనించి సరిగ్గా సరిపోతుంది, చిన్న గదుల్లో సరిపోదు. 85 అన్నింట్లో సరిపోతుంది.

డీ5600 లాంటి క్రాప్ సెన్సర్‌తో లెక్క మారుతుంది. దాని పొడుగు వైపు 23.5 మిల్లీమీటర్లే. అదే 80 సెంటీమీటర్ల ఫ్రేమ్‌కు 85 ఎంఎం పెడితే పది అడుగుల దాకా వెనక్కి పోవాలి. 50 ఎంఎం పెడితే ఆరడుగులకు కాస్త లోపల. అంటే ఈ గదుల్లో క్రాప్ కెమెరాకు పొట్టి టెలిఫొటో 50 ఎంఎమ్మే. ఈ సంగతి కొత్తగా పని నేర్చుకునే పిల్లలకు పదే పదే చెప్తుంటాను. పోర్ట్రెయిట్ లెన్స్ అంటే 85 అని విని, క్రాప్ బాడీకి 85 కొని, పెళ్లింట్లో పక్కగదిలోకి వెనక్కి నడుస్తూ తీసేవాళ్లు మన జిల్లాలో ఎంతోమంది ఉన్నారు.

ముఖానికి ఎంత దూరం మంచిది

ముక్కు కొస నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. చేయి చాచి ఫోన్‌తో తీసుకునే 60 సెంటీమీటర్ల దూరంలో, చెవితో పోలిస్తే ముక్కు 20 శాతం పెద్దగా పడుతుంది. నాలుగడుగుల దగ్గర అది 10 శాతం. ఆరున్నర అడుగుల దగ్గర 6 శాతం. పదడుగుల దగ్గర 4 శాతం, పదిహేను అడుగులకు రెండున్నర. రెండడుగుల నుంచి ఆరున్నరకు వచ్చేసరికి 14 శాతం తగ్గింది, అక్కడి నుంచి పదిహేను అడుగులకు వెళ్తే తగ్గేది మూడున్నర శాతమే. ఆరేడు అడుగులు దాటాక ముఖం ఆకారంలో వచ్చే లాభం చాలా తక్కువ. నిజానికి మరీ దూరం పోతే లోతు పోయి ముఖం చదునుగా అవుతుంది. బక్కచిక్కిన ముఖాలకు, లోతుకు పోయిన బుగ్గలకు అది బాగుండదు. ఎముకల ఆకారమే ఆ ముఖాల అందం, అది లోతుతోనే కనపడుతుంది.

లెక్కలు ఇంత దూరం తెచ్చాయి. ఆపైన తేల్చింది మనుషులు.

హైదరాబాద్ నుంచి అద్దెకు 85 ఎంఎం ఎఫ్/1.8జీ, 105 ఎంఎం ఎఫ్/2.8 మైక్రో, 70-200 ఎఫ్/4 తెప్పించాను. 50 నా దగ్గరే ఉంది. ఒక పెద్దాయనను, ఆయన భార్యను కూర్చోబెట్టి ఒకే ఫ్రేమ్‌ను నాలుగింటితో తీశాను. 50తో నాలుగడుగుల లోపలికి పోయి కూర్చోగానే ఆయన భుజాలు వెనక్కి పోయాయి. "జరంత అవుతల కూసో బిడ్డా, మీదికొచ్చినట్టున్నది" అన్నాడు. ఆ బిగువు ఫొటోలో పడింది. గడ్డం లోపలికి పోయి, చూపు లెన్స్ మీదే నిలిచిపోయింది.

70-200ను 200 దగ్గర వాడాలంటే గుమ్మం అవతల వాకిట్లో కూర్చోవాలి. పక్కింటి మగ్గం చప్పుడు, ఆయనకు వినికిడి తక్కువ. నేను చెప్పేది ఆయన మనవడు లోపల నిలబడి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మధ్యలో ఒక మనిషి ఉంటే ఆ ముఖంలో వచ్చేది మనవడితో మాట్లాడే ముఖం. అదీ మంచి ముఖమే, కానీ చూపు నా వైపు ఉండదు. పైగా ఆ జూమ్ బరువు 850 గ్రాములు.

85తో ఆరున్నర అడుగుల దగ్గర పీట వేసుకున్నాను. ఇంటికొచ్చిన మనిషి అరుగు మీద ఆ చివర కూర్చుంటే ఎంత దూరమో అంతే దూరం అది. గొంతు పెంచనక్కర లేదు. కెమెరా కాస్త దించితే నా ముఖం ఆయనకు కనపడుతుంది. "ఇప్పుడు మంచిగున్నది, నీ మొఖం కనవడుతున్నది" అన్నది పెద్దమ్మ. ఆమె ఏ కాలంలో మగ్గం పని మొదలుపెట్టిందో, చేయి ఆపకుండా ఊపుతూ నూలు చుట్టే ఆసు పోసీ పోసీ భుజం ఎలా అరిగిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆసు యంత్రం వచ్చాక ఆ భుజాలు ఊపిరి పీల్చుకున్నాయి. దాన్ని తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆమె ఆ మాటలు చెప్తూ భుజం పట్టుకున్న క్షణమే ఆ రోజు మంచి ఫొటో.

105 మైక్రో గురించి న్యాయంగా చెప్పాలి. పెద్ద గదిలో దాని ఫొటోలు 85 కంటే ఏ మాత్రం తక్కువ కాదు. దూరం అడుగున్నర ఎక్కువైనా మాటకు అడ్డం రాలేదు. అందులో వైబ్రేషన్ రిడక్షన్ ఉంది, 85లో లేదు. కానీ ఆ గదుల్లో వెలుతురు ఒక కిటికీ, ఒక ట్యూబులైటు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్/2.8తో పోలిస్తే ఎఫ్/1.8 దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. వైబ్రేషన్ రిడక్షన్ నా చేతి వణుకును ఆపుతుంది కానీ పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను విసిరే చేతిని ఆపదు. ఆ చేతికి సెకనులో 200వ వంతు షట్టర్ అయినా కావాలి. బరువు కూడా 85కి రెట్టింపు పైనే. 85 బరువు 350 గ్రాములు.

ఎంత బ్లర్ కావాలి

అబ్బాయికి ఎఫ్/1.4 లెన్స్ మీద మనసు ఉంది. వెనకంతా కరిగిపోవాలి అంటాడు. ఫుల్ ఫ్రేమ్ మీద 85తో ఆరున్నర అడుగుల దగ్గర ఎఫ్/1.8లో ఫోకస్ లోతు, అంటే పదునుగా కనపడే మందం, సుమారు 6 సెంటీమీటర్లు. ముఖం ముప్పావు వంతు తిరిగి ఉన్నప్పుడు దగ్గరి కంటికీ దూరపు కంటికీ మధ్యనే నాలుగైదు సెంటీమీటర్ల తేడా ఉంటుంది. పెద్దాయన కాస్త ముందుకు వంగితే చాలు, ఒక కన్ను పోతుంది. ఎఫ్/2.8లో 9 సెంటీమీటర్లు, ఎఫ్/4లో 13. నేను ఎఫ్/2.8కూ ఎఫ్/4కూ మధ్యనే పని చేశాను. వెలుతురు మరీ తగ్గినప్పుడే ఎఫ్/2కు వెళ్లాను. ఎఫ్/1.4జీ కొత్తది ధర 1.8జీకి మూడింతల పైన ఉండేది, బరువు 595 గ్రాములు. ఈ పనిలో వాడని అపర్చర్‌కు అంత డబ్బు పెట్టడం దండగ.

డీ750 ఫోకస్ పాయింట్లు 51 ఉన్నా అన్నీ ఫ్రేమ్ నడిమధ్యలో గుమిగూడి ఉంటాయి. నిలువు ఫ్రేమ్‌లో కన్ను పై మూడో వంతులో పడుతుంది, చివరి పాయింటు కూడా ఒక్కోసారి అందదు. మధ్య పాయింటుతో ఫోకస్ చేసి కెమెరా వంచితే ఎఫ్/1.8లో ఆ వంపుకే కన్ను తప్పిపోతుంది. నేను చివరి పాయింటుతోనే తీసి, పైన కాస్త ఎక్కువ ఖాళీ ఉంచి, తర్వాత కత్తిరించాను. కంటిని తనే వెతుక్కునే మిర్రర్‌లెస్ కెమెరాలు వాడేవాళ్లకు ఈ బాధ లేదు. నికాన్ జడ్ వాడేవాళ్లకు 2019లో వచ్చిన 85 ఎఫ్/1.8ఎస్ ఉంది, బరువు 470 గ్రాములు.

వెనక మగ్గం కరిగిపోవడం గురించి చివరి మాట ఆ పెద్దమ్మదే. రెండు ఫొటోలు కెమెరా వెనక తెర మీద చూపించాను. ఒకటి ఎఫ్/1.8లో, వెనకంతా మెత్తని రంగు. ఒకటి ఎఫ్/4లో, పన్నె, పడుగు పోగులు, గోడకు వేలాడే చిటికి కట్టిన నూలు, కాస్త మెత్తగానే అయినా అన్నీ గుర్తుపట్టేలా ఉన్నాయి. ఆమె రెండోదాని మీద వేలు పెట్టింది. "మగ్గం కనవడాలె గదా బిడ్డా. లేకుంటె నేనెవరో ఎట్ల దెలుస్తది?" అబ్బాయి ఆ తర్వాత ఎఫ్/1.4 మాట ఎత్తలేదు.

పోగుల దగ్గర వచ్చే చిక్కులు

నేతవాళ్లను తీసేటప్పుడు ముఖంతో పాటు గుడ్డ కూడా సరిగ్గా రావాలి. వాళ్లకు అది ముఖం కంటే తక్కువేమీ కాదు. ఈ పనిలో నన్ను ఎక్కువ శ్రమపెట్టింది ఇదే.

మొదటిది రంగు అంచు. 85 ఎఫ్/1.8జీని పూర్తిగా తెరిచినప్పుడు, వెనక చీకటిగా ఉండి ముందు తెల్లటి పోగు ఉంటే ఫోకస్ ముందున్న పోగుల చుట్టూ ఊదా, వెనకున్నవాటి చుట్టూ ఆకుపచ్చ అంచు వస్తుంది. మామూలు పెళ్లి ఫొటోలో ఎవరూ పట్టించుకోరు. తెల్లటి పడుగు వందల పోగులుగా ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు మాత్రం గుడ్డ రంగే మారినట్టు కనపడుతుంది. తేలియా రుమాల్ ఎరుపు, నలుపు, తెలుపు మధ్యే బతుకుతుంది, అందులో తెలుపు ఊదాగా కనపడితే నేసినవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఎఫ్/2.8కు వస్తే చాలావరకు తగ్గింది. ఎఫ్/4లో కంటికి ఆనలేదు. ఫోకస్ లోతు కోసం ఎంచుకున్న అపర్చర్ ఇక్కడా కలిసొచ్చింది.

రెండోది మోయిరే, అంటే సన్నని నేత మీద లేని రంగు అలలు కనపడటం. పోగుల మధ్య దూరం పిక్సెళ్ల మధ్య దూరానికి దగ్గరగా వచ్చినప్పుడు ఇది పుడుతుంది. 80 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో డీ750కి ఒక్కో పిక్సెల్ గుడ్డ మీద 0.13 మిల్లీమీటర్లు. అక్కడ పోగులు చాలావరకు విడివిడిగానే పడతాయి. కానీ మనిషి నిండుగా నిలబడి రెండు మీటర్ల పైన ఫ్రేమ్ కావాలంటే ఒక్కో పిక్సెల్ 0.35 మిల్లీమీటర్లు అవుతుంది, సన్నని నేత అందులో మునిగిపోతుంది. చిక్కు అక్కడే. డీ750 సెన్సర్ ముందు ఈ అలలను తగ్గించే ఆప్టికల్ లో-పాస్ ఫిల్టర్ ఉంది, డీ5600కి లేదు. అందుకే చీర పరిచి నిలబడ్డ ఫొటోలన్నీ డీ750తోనే తీశాను. అప్పటికీ ఒక చీర మీద అలలు కనపడితే ఒక అడుగు ముందుకు జరిగి, చీర కాస్త పక్కకు తిప్పించాను. ఆ మాత్రానికే పోయాయి. ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే చీర అసలు రంగు కూడా కొంత పోతుంది. అక్కడికక్కడే ఫొటోను పెద్దది చేసి చూసుకోవడం మేలు.

ఎర్రని గుడ్డ ఒడిలో ఉంటే గడ్డం కింద ఎర్రటి నీడ పడుతుంది. కిటికీకి ఎదురు వైపు తెల్లటి థర్మోకోల్ ముక్క ఒకటి నిలబెడితే సరిపోయింది. ట్యూబులైటు ఆపేశాను.

చేతులూ వీధీ

చిటికి కట్టే చేతుల దగ్గరి ఫొటోల్లో 85 బలహీనత తెలిసింది. ఇది 80 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ చేయదు. అంత దగ్గరికి పోయినా ఫుల్ ఫ్రేమ్ మీద 29 సెంటీమీటర్ల పొడుగు ఫ్రేమ్ వస్తుంది. వేళ్లూ ముడీ కావాలంటే అది చాలా వెడల్పు. 105 మైక్రో ఇక్కడ రాజు, ముడిని అసలు కొలతంత సెన్సర్ మీద పడేస్తుంది. అద్దె లెన్స్ చేతిలో ఉన్నంతసేపు దాంతోనే చేతులు తీశాను. తర్వాతి దఫాకు 85ను డీ5600కి తగిలించాం. క్రాప్ వల్ల ఫ్రేమ్ 19 సెంటీమీటర్లకు తగ్గింది, రెండు చేతులూ, బిగించిన నూలు కట్టా నిండుగా వచ్చాయి. అంత దగ్గరలో పోగులు పిక్సెళ్ల కంటే చాలా పెద్దవి కాబట్టి లో-పాస్ ఫిల్టర్ లేకపోవడమూ అడ్డం కాలేదు. చేతుల పనే ముఖ్యమైనవాళ్లు మాత్రం 105 మైక్రోనే కొనాలి.

నిలువెత్తు ఫొటోలకు 85తో పదహారు, పదిహేడు అడుగులు కావాలి. గదుల్లో అది కుదరదు, వీధి పొడుగునా కుదిరింది. పొద్దున వీధికి ఒక వైపు గోడల నీడ పడే వేళ చూసుకుని మనుషులను ఆ నీడలో నిలబెట్టాను. వెనక ఎండ పడ్డ గోడ రాకుండా చూసుకుంటే సరి. అంత దూరం నుంచి గట్టిగా పిలవాల్సి వచ్చినా ఇబ్బంది కాలేదు. మనిషి చీర చూపిస్తూ నిలబడ్డప్పుడు, మగ్గం మీద కూర్చున్నప్పటి దగ్గరితనం అవసరం లేదు.

చివరకు కొన్నది 85 ఎంఎం ఎఫ్/1.8జీ, సెకండ్ హ్యాండ్. ప్రింట్లు 24 మెగాపిక్సెళ్ల నుంచి పొడుగు వైపు అంగుళానికి 330 చుక్కల దాకా వచ్చాయి, ముడతలూ పోగులూ దగ్గరికి పోయి చూసినా నిలిచాయి. అబ్బాయి ముందు చూపించిన 105 ఫొటో లాంటి ముఖం మాత్రమే నిండిన ఫ్రేమ్‌లు కూడా నాలుగు ముఖాలకు తీసిచ్చాను. 85తో నాలుగడుగులకు కాస్త పైన దూరం దాకా దగ్గరికి జరిగి, ఎఫ్/4లో. అంత దగ్గరలో లోతు ఐదారు సెంటీమీటర్లే. అప్పటికి వాళ్లకు నేను అలవాటైపోయాను కాబట్టి ఆ దగ్గరితనాన్ని వాళ్లు ఒప్పుకున్నారు. కొత్త మనిషిగా మొదటి ఫొటోకు అంత దగ్గరికి పోను.

సెకండ్ హ్యాండ్‌లో ఈ లెన్స్ కొనేవాళ్లకు: ముందు అద్దాల గుండా టార్చి వేసి చూడండి, మన వానాకాలంలో సంచిలో పడేసి ఉంచిన లెన్సుల్లో సాలెగూడు లాంటి బూజు పట్టి ఉంటుంది, అది ఉంటే వద్దు. ఆటోఫోకస్‌ను దగ్గర నుంచి దూరానికి, దూరం నుంచి దగ్గరికి చాలాసార్లు తిప్పించండి, మోటారు కీచుమన్నా, ఆగి ఆగి కదిలినా వదిలేయండి. మీ సొంత కెమెరా తీసుకెళ్లి ఎఫ్/1.8లో ఆరున్నర అడుగుల దగ్గర ఒక మనిషి కంటి మీద ఫోకస్ చేసి పెద్దది చేసి చూడండి. చెవి పదునుగా ఉండి కన్ను మెత్తగా వస్తే ఫోకస్ వెనక్కి పడుతోందన్నమాట. డీ750 లాంటి బాడీలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్‌తో సరిచేసుకోవచ్చు, డీ5600లో ఆ సదుపాయం లేదు, కాబట్టి ఆ బాడీవాళ్లు అలాంటి పీసు తీసుకోవద్దు. లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి హుడ్ తప్పకుండా అడగండి. మగ్గాల గదిలో పక్క కిటికీ వెలుతురు నేరుగా అద్దం మీద పడుతుంది, హుడ్ లేకపోతే నలుపులన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి.